పది బోర్డులు, ఇరవై తొమ్మిది అడుగుల గోడ: అమెరికా తొలితరం బానిసత్వ నిర్మూలనవాదులపై చెన్నైలో తెలుగు ప్రదర్శన పెట్టే పద్ధతి

లింకన్‌తో మొదలుపెట్టొద్దు. 1863 నాటి విముక్తి ప్రకటనకు 175 ఏళ్ల ముందే, 1688లో, ఫిలడెల్ఫియా పక్కన జర్మన్‌టౌన్‌లో నలుగురు వలస వచ్చిన మనుషులు మనిషిని అమ్మడం కొనడం తప్పని రాసి సంతకాలు పెట్టారు. అక్కణ్ణుంచి 1838 దాకా నడిచిన నూట యాభై ఏళ్లకే మీ గోడను కేటాయించండి. నల్లజాతివారికి ఒక గోడ, తెల్లవారికి ఒక గోడ అని విడదీయొద్దు. చేసిన పని ఏ ఏడాదిదో చూసి అందరినీ ఒకే వరసలో నిలబెట్టండి. ఎవరి డబ్బుతో ఎవరి పత్రిక నడిచిందో, ఎవరి మాట ఎవరి నోట మళ్లీ వినిపించిందో అప్పుడే తెలుస్తుంది.

గోడ, బోర్డులు

పది బోర్డులు చాలు. ఒక్కొక్కటి రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. మధ్యలో అడుగు ఖాళీ వదిలితే మొత్తం 29 అడుగులు. టి.నగర్, మైలాపూరుల్లో సంఘాల హాళ్లకు అంత గోడ ఉంటుంది, కానీ మధ్యలో కిటికీలు, స్విచ్ బోర్డులు వస్తాయి. అందుకని ముందే టేపు పట్టుకెళ్లి కొలవండి. బోర్డు నడిమి భాగం నేలనుంచి 4 అడుగుల 9 అంగుళాల ఎత్తులో ఉంటే పెద్దవాళ్లు మెడ ఎత్తక్కర్లేదు, పదేళ్ల పిల్లలూ చదవగలరు.

5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికైన నురుగు పలక) మీద వినైల్ ప్రింటు తీసుకోండి. పైన మ్యాట్ లామినేషనే వేయించాలి. గ్లాసీ వేస్తే ట్యూబులైటు అందులో అద్దంలా మెరిసి, చదివేవాళ్లు పక్కకు జరుగుతూ తంటాలు పడతారు. డబుల్ టేపును నమ్మొద్దు. ఈ ఊరి తేమకు సున్నం గోడమీద అది తెల్లారేసరికి ఊడుతుంది. బోర్డు పైభాగాన రెండు చిల్లులు వేయించి, తాడుతో కొక్కేలకు వేలాడదీయండి. మేకులు కొట్టనివ్వని హాలైతే ఈజిల్ స్టాండ్లు అద్దెకు తెచ్చుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు కాబట్టి వదిలేయండి. ఫిబ్రవరి మంచిది. అమెరికాలో నల్లజాతి చరిత్రకు కేటాయించిన నెల కూడా అదే.

అక్షరాల గొడవ

ఎక్కువ ప్రదర్శనలు చెడేది ఇక్కడే. మీరు యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగును ప్రింటింగ్ షాపువాళ్లు తమ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే వత్తులు అక్షరం కిందనుంచి పక్కకు జారతాయి. రాయపేటలోనో తిరువల్లికేణిలోనో కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయికి తమిళం వచ్చు, తెలుగు లిపి రాదు. ఆ తప్పు అతని కంటికి ఆనదు. కాబట్టి అక్షరాలన్నీ కర్వ్స్‌గా (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్చిన పిడిఎఫ్ మాత్రమే ఇవ్వండి. పెద్ద ప్రింటుకు ముందు ఎ4 కాగితం మీద ఒక నమూనా తీయించి 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం', 'లక్ష్యం' అనే మాటలు ఎక్కడున్నాయో వెతికి చూడండి. ఆ మూడూ సరిగా వస్తే మిగతావి దాదాపు వచ్చినట్టే. పరభాషా పేర్ల చివరి పొల్లు కూడా గమనించండి. 'బెనెజెట్‌కు' అన్నది 'బెనెజెట్కు' అయి కూర్చుంటుంది.

శీర్షిక 90 పాయింట్లు, లోపలి మాట 32 పాయింట్లకు తగ్గొద్దు. ఒక బోర్డులో 90 మాటలు దాటితే నిలబడి ఎవరూ చదవరు. బొమ్మ 12 అంగుళాల వెడల్పు వేయాలంటే కనీసం 1800 పిక్సెళ్లు ఉండాలి.

ఎవరి బొమ్మ పెట్టాలి, ఎవరిది పెట్టకూడదు

ఫొటో తీసే విద్య జనంలోకి వచ్చింది 1839లో. అంతకుముందే చనిపోయినవాళ్లకు ఫొటో ఉండదు. ఎనిమిదో బోర్డులో వచ్చే, 1830లో చనిపోయిన డేవిడ్ వాకర్‌ది అంటూ ఇంటర్నెట్‌లో ఏ ఫొటో కనిపించినా అది మరొకరిదే. బొమ్మ లేనిచోట ఆ మనిషి వాడిన వస్తువునో, రాసిన పుటనో పెట్టండి. ఐదో బోర్డులో వచ్చే ఎలిజబెత్ ఫ్రీమన్‌కు మాత్రం 1811లో ఏనుగు దంతంపై వేసిన చిన్న రంగుల చిత్రం ఉంది. మెడలో బంగారు పూసల దండతో, మనవైపే తిన్నగా చూస్తుంటుంది. దాన్ని ఎంత పెద్దదిగా వేయగలిగితే అంత పెద్దదిగా వేయండి. మోకాళ్లమీద కూర్చుని సంకెళ్లతో చేతులు జోడించిన మనిషి ముద్ర, 1787లో ఇంగ్లండు పింగాణీ తయారీదారు వెడ్జ్‌వుడ్ చేయించినది, ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాన్ని ముఖచిత్రంగా వాడొద్దు. మీ గోడమీద ఉన్నవాళ్లెవరూ వేడుకుంటూ కూర్చోలేదు.

బోర్డుల వరస

మొదటిది జర్మన్‌టౌన్. క్వేకర్లంటే ఎవరో ఇక్కడే రెండు వాక్యాల్లో చెప్పేయండి: పూజారి లేని క్రైస్తవ శాఖ, మౌనంగా కూర్చుని ప్రార్థిస్తారు, యుద్ధం చేయరు. ఆ విజ్ఞప్తిని క్వేకర్ల పెద్ద సభ పక్కన పెట్టేసిందని కూడా రాయండి.

రెండోది బెంజమిన్ లే. నాలుగడుగుల మనిషి, గూని. బార్బడోస్‌లో బానిసల హింసను కళ్లారా చూసి వచ్చాడు. 1738లో బర్లింగ్టన్‌లో జరిగిన క్వేకర్ల సభలో, లోపల బోలు చేసిన పుస్తకంలో పోక్‌బెర్రీ రసం నింపిన సంచి దాచి, కత్తితో పొడిచి, ఆ ఎర్రరసం బానిసల యజమానులమీద చింది పడేలా చేశాడు. పోక్‌బెర్రీ మనకు దొరకదు, పైగా అది విషం. బదులుగా మన పెరటి బచ్చలి పండ్లు వాడండి. పండినవి గుప్పెడు తీసుకుని, పల్చటి గుడ్డలో వేసి పిండి, పాత నోటు పుస్తకం అట్టమీద చల్లి నీడన ఆరబెట్టండి. ఎండ తగిలితే ఆ రంగు గోధుమ రంగులోకి పోతుంది కాబట్టి ప్రదర్శనకు ముందురోజే చేయాలి. 1758లో క్వేకర్లు బానిస వ్యాపారం చేసేవారిపై చర్యకు తీర్మానించారు. ఆ కబురు విన్న మరుసటి ఏడాదే లే కన్నుమూశాడు.

మూడో బోర్డులో జాన్ వూల్మన్, ఆంటొనీ బెనెజెట్. వూల్మన్ రంగు వేయని బట్టలే కట్టి, బానిసలు పండించిన చక్కెర మానేశాడు. బెనెజెట్ 1750 నుంచి సాయంత్రాలు నల్లజాతి పిల్లలకు చదువు చెప్పాడు. కింద బల్లమీద రంగు వేయని నూలు గుడ్డ ఒక గజం, దాని పక్కన నీలిమందు గుడ్డ ఒక గజం పరచండి. మన కోరమాండల్ తీరంలో నేసి, నీలిమందులో ముంచిన నూలు బట్టలను యూరపు వర్తకులు పశ్చిమ ఆఫ్రికాకు తీసుకెళ్లి మనుషులకు మారకంగా ఇచ్చారు. ఈ కథ మన ఒడ్డుకు ఎంత దగ్గరో చూసేవాళ్లకు ఆ గుడ్డ చెబుతుంది.

నాలుగోది బోస్టన్ నల్లజాతివారి నాయకుడు ప్రిన్స్ హాల్, అక్కణ్ణుంచి 1777లో స్వేచ్ఛ కోరుతూ ఇచ్చిన వినతి. ఐదోది మసాచుసెట్స్‌లో బానిసగా ఉన్న ఎలిజబెత్ ఫ్రీమన్. మసాచుసెట్స్ రాజ్యాంగం 1780లో వచ్చింది, మనుషులంతా స్వేచ్ఛగా సమానంగా పుట్టారంది. ఆ మాట తనకూ వర్తిస్తుందని ఆమె 1781లో కోర్టుకెక్కి గెలిచింది. 30 షిల్లింగుల పరిహారం కూడా వచ్చింది. చదువు రాని మనిషి గెలిచిన రాజ్యాంగ వ్యాజ్యం అది. 90 మాటల నియమాన్ని ఈ ఒక్క బోర్డుకు సడలించండి.

ఆరోది ఫిలడెల్ఫియా నల్లజాతి మతబోధకులు రిచర్డ్ అలెన్, అబ్సలం జోన్స్. అలెన్ కట్టెలు కొట్టి, ఇటుకల బట్టీలో పనిచేసి, ఉప్పు బళ్లు తోలి 2000 డాలర్లకు తన్ను తాను కొనుక్కున్నాడు. 1794లో ఒక కమ్మరి కొట్టాన్ని లాక్కొచ్చి చర్చిగా నిలబెట్టాడు.

ఏడోది జేమ్స్ ఫోర్టెన్, ఫిలడెల్ఫియాలో ఓడల తెరచాపలు కుట్టే కార్ఖానాకు నల్లజాతి యజమాని. దీనికింద కాసిమేడు వైపు తాళ్ల కొట్లలో దొరికే మందపాటి కాన్వాసు ముక్క, దబ్బనం పెట్టండి. నల్లజాతివారిని ఆఫ్రికాకు పంపేయాలన్న పథకాన్ని 1817లో అలెన్ చర్చిలో సుమారు 3000 మంది ఒక్క గొంతుతో కాదన్నారు. ఆ సభ నడిపిన పెద్దల్లో ఫోర్టెన్ ఒకడు. తొమ్మిదో బోర్డుకు ఇక్కణ్ణుంచి ఎర్ర దారం కట్టండి. బోస్టన్‌లో తెల్లజాతి నిర్మూలనవాది విలియం లాయిడ్ గారిసన్ నడిపిన 'ది లిబరేటర్' పత్రిక తొలి సంచిక రాకముందే 27 మంది చందా డబ్బు, 54 డాలర్లు, పంపింది ఫోర్టెనే.

ఎనిమిదోది నల్లజాతి రచయిత డేవిడ్ వాకర్. బోస్టన్‌లో పాతబట్టల దుకాణం నడిపి, 1829లో ముద్రించిన, బానిసత్వంపై తిరగబడమన్న తన పిలుపు పుస్తకాన్ని నావికుల బట్టల లోపల కుట్టి దక్షిణాదికి పంపాడు. పాత కోటు ఒకటి తెచ్చి, దర్జీ చేత లోపలి గుడ్డ కుట్టు ఒకవైపు విప్పించి, పల్చటి పుస్తకం పెట్టి టాకాలు వేయించండి. సందర్శకులు తడిమి చూడాలి, అందుకే దాన్ని గాజు కింద పెట్టొద్దు. ఈ బోర్డులోనే 1827 మార్చి 16న న్యూయార్క్‌లో మొదలైన నల్లజాతి వారి తొలి పత్రిక పేరు చేర్చండి: ఫ్రీడమ్స్ జర్నల్.

తొమ్మిదిలో గారిసన్, మరియా స్టీవర్ట్. గారిసన్ పత్రిక 1831 జనవరి 1 నుంచి 1865 డిసెంబరు 29 దాకా 1820 సంచికలు వచ్చింది. 1832లో బోస్టన్‌లో ఆడా మగా కలిసిన సభలో వేదికెక్కి మాట్లాడిన నల్లజాతి స్త్రీ స్టీవర్ట్‌కు ఇచ్చే చోటు అతనికిచ్చే చోటు కన్నా తక్కువ కాకూడదు. పదోది గ్రిమ్కే అక్కచెల్లెళ్లు. చార్లెస్టన్‌లో బానిసల యజమానుల ఇంట పుట్టి, ఆ ఇంటినే ఎదిరించారు. వారిలో చెల్లెలు ఏంజెలీనా, ఫిలడెల్ఫియాలో నిర్మూలనవాదులు కట్టించుకున్న పెన్సిల్వేనియా హాల్లో మాట్లాడిన మరునాడు, 1838 మే 17న, మూక ఆ భవనాన్ని తగలబెట్టింది. తెరిచి మూడు రోజులే అయింది.

తరచూ దొర్లే తప్పులు

'1780లో పెన్సిల్వేనియాలో బానిసత్వం రద్దయింది' అని రాస్తారు. కాదు. ఆ చట్టం వచ్చాక పుట్టిన పిల్లలు కూడా 28 ఏళ్లు వచ్చేదాకా చాకిరీ చేయాలి, అప్పటికే బానిసలుగా ఉన్నవాళ్లు అలాగే ఉండాలి. 'క్రమ విముక్తి' అనే మాట వాడండి. బానిసత్వాన్ని 'వెట్టి' అనొద్దు. అక్కడ మనిషినే అమ్మేవారు, తల్లి బానిసైతే బిడ్డా బానిసే. 1662 నాటి వర్జీనియా చట్టం అది. పాత పాఠ్యపుస్తకాల్లోని 'నీగ్రో'ను తీసేయండి. అమెరికా స్వాతంత్ర్య నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు వస్తే, 1790లో విముక్తి వినతిమీద సంతకం పెట్టిన అదే చేయి అంతకుముందు బానిసలను ఉంచుకుందని అదే వాక్యంలో చెప్పాలి.

చెప్పేవాళ్లు

చెన్నైలో మన పిల్లలు చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అందుకని బోర్డులను మాత్రమే నమ్ముకోకుండా ఇద్దరు వ్యాఖ్యాతలను పెట్టండి. బోర్డుకు 90 సెకన్లు, మొత్తం 15 నిమిషాలు. గుంపు పన్నెండు మందికి మించితే వెనకవాళ్లకు వినబడదు. 'మన దేశంలో సంగతేమిటి?' అని తప్పకుండా అడుగుతారు. 1843 నాటి 5వ చట్టం ఈస్టిండియా కంపెనీ కోర్టుల్లో బానిస హక్కును చెల్లకుండా చేసిందని వ్యాఖ్యాతలకు తెలిసుండాలి. బానిసగా పుట్టి పెద్ద నిర్మూలనవాద నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ ఏడీ అంటే, 1838 సెప్టెంబరులో నావికుడి వేషంలో తప్పించుకున్నాడని, మీ గోడ ఆగిన ఏడాదే అతని దారి మొదలైందని చెప్పించండి.

ప్రదర్శన అయ్యాక బోర్డులను గోడకు ఆనించి నిలబెట్టొద్దు, వారంలో విల్లులా వంగుతాయి. ఆండర్సన్ వీధిలో దొరికే బ్రౌన్ పేపరు మధ్యమధ్య పెట్టి, పడుకోబెట్టి, పైన ఏ బరువూ లేకుండా దాచండి. కోటును మాత్రం కర్పూరం బిళ్లలతో విడిగా మూటగట్టండి.