పెద్ద పార్టీలేవీ నచ్చనప్పుడు మూడో పార్టీకి ఓటు ఎలా వేయాలి?

ఎన్నికలు దగ్గరపడితే టీ కొట్ల దగ్గర వినిపించే మాట ఒకటే: "ఎవడొచ్చినా మనకు ఒరిగేదేముంది?" పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకో కండువా కప్పుకునే నాయకులను చూశాక ఆ మాట అనేవాళ్లను తప్పుపట్టలేం. ఆ విసుగుతో కొందరు పోలింగ్ రోజును సెలవు రోజుగా వాడేసుకుంటారు. ఇంకొందరు "వీడికంటే వాడు నయం" అనుకుని, మనసులో తిట్టుకుంటూనే పాత గుర్తు మీద నొక్కి వస్తారు. చిన్న పార్టీకో, ఇండిపెండెంట్‌కో వేయడం ఇంకో దారి. ఆంధ్రప్రదేశ్‌లో కూటమి పార్టీలు, వైసీపీ; తెలంగాణలో కాంగ్రెస్, బీఆర్‌ఎస్, బీజేపీ. వీళ్లు కాక మిగిలినవాళ్లందరినీ ఇక్కడ మూడో పార్టీ అంటున్నాను. తెలంగాణలో లెక్క ప్రకారం అది నాలుగోదైనా సరే.

చిన్న పార్టీకి ఓటు వేయాలంటే పెద్ద పార్టీకి వేసేదానికంటే ఎక్కువ పని ఉంటుంది. గుర్తు ఏమిటో, అభ్యర్థి ఎవరో మీ ఇంటికొచ్చి చెప్పేవాళ్లు ఉండరు. కాబట్టి ఆ పనంతా మీరే చేసుకోవాలి, అదీ పోలింగ్‌కు చాలా ముందే.

1. జాబితాలో పేరు చూసుకోండి

పెద్ద పార్టీల బూత్ కార్యకర్తలు తమ ఓటర్ల పేర్లు గల్లంతైతే వెంటపడి మళ్లీ చేర్పిస్తారు. మీ పేరు కోసం అలా తిరిగేవాళ్లు ఉండరు. కొత్త ఓటుకు ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8. ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల మొదటి తేదీలు. ఆ రోజుకు 18 నిండితే చాలు. నోటిఫికేషన్ వచ్చాక చూద్దాంలే అనుకోకండి. అనుమానం ఉంటే 1950కి ఫోన్ చేయండి. భారత పౌరసత్వం వదులుకోకుండా విదేశాల్లో ఉంటున్నవాళ్లకు ఫారం 6ఏ ఉంది. అయితే ఓటు వేయడానికి పాస్‌పోర్ట్‌తో సొంత ఊరి బూత్‌కు స్వయంగా రావాల్సిందే.

2. ఆ ఓటుతో మీకేం కావాలో తేల్చుకోండి

చాలామంది వదిలేసే పని ఇదే. మూడో పార్టీకి వేసే ఓటు వెనక మూడు రకాల కోరికలు ఉండొచ్చు. ఆ అభ్యర్థి నిజంగానే గెలవాలని ఒకటి. ఇప్పుడు గెలవకపోయినా ఆ పార్టీ నిలదొక్కుకోవాలని ఇంకొకటి. గెలుపోటములతో పని లేదు, పెద్దవాళ్లకు మన మంట తెలియాలని మూడోది. వీటిలో మీది ఏదో తెలియకపోతే ఫలితాల రోజున "నా ఓటు మురిగిపోయింది" అని బాధపడటం ఖాయం.

గెలవాలనే కోరిక పిచ్చిది కాదు. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో అధికారంలోకి వచ్చింది. అప్పటికి అదే మూడో పార్టీ. 2013లో ఢిల్లీలో మొదటిసారి పోటీచేసి 28 సీట్లు గెలిచిన ఆమ్ ఆద్మీ పార్టీ 2015లో 70కి 67 గెలిచింది. ఇలాంటివి అరుదు, కానీ జరిగాయి.

నిలదొక్కుకోవడం సంగతి వేరు. ఎన్నికల సంఘం రాష్ట్ర పార్టీగా గుర్తించడానికి ఉన్న దారుల్లో ఒకటి, అసెంబ్లీ ఎన్నికల్లో చెల్లిన ఓట్లలో 6 శాతంతో పాటు రెండు సీట్లు. సీటు ఒక్కటీ రాకపోయినా 8 శాతం ఓట్లు వస్తే గుర్తింపు ఇచ్చే నిబంధన కూడా ఉంది. గుర్తింపు వస్తే సొంత గుర్తు ఖాయమవుతుంది. రాకపోతే ఏమవుతుందో 2024లో చూశాం. జనసేన గాజు గ్లాసు గుర్తును ఆ పార్టీ పోటీలో లేని కొన్నిచోట్ల ఇండిపెండెంట్లకు ఇస్తే, ఆ గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి ఓడిపోయే పార్టీకి పడిన ఓటు కూడా ఎక్కడో లెక్కలోకి వస్తూనే ఉంటుంది.

మూడో కోరికకు నిజామాబాద్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, పసుపు, ఎర్రజొన్నల ధరల కోసం 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. రైతులెవరూ గెలవలేదు. సిట్టింగ్ ఎంపీ మాత్రం ఓడిపోయారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది. ఆ ఓట్లే బోర్డును తెచ్చాయని అనలేం గానీ, ఆ ఊరి పసుపు గురించి దేశమంతా మాట్లాడుకునేలా చేసింది మాత్రం ఆ నామినేషన్లే.

3. మీ నియోజకవర్గం లెక్క వేయండి

మన పద్ధతిలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లదే సీటు, మిగతా ఓట్లకు సీట్లేమీ రావు. దీనివల్ల చెల్లాచెదురుగా బలం ఉన్న పార్టీకి నష్టం, ఒకేచోట పోగైన పార్టీకి లాభం. 2009లో ప్రజారాజ్యానికి ఉమ్మడి రాష్ట్రంలో 16 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి, 294 సీట్లలో దక్కినవి 18. 2023 తెలంగాణ ఎన్నికల్లో మజ్లిస్‌కు రాష్ట్రం మొత్తం మీద 3 శాతం కూడా రాలేదు. కానీ 119లో 7 సీట్లు గెలిచింది. ఓట్ల శాతంలో అంత తేడా ఉన్నా, మొత్తం సీట్లలో ఇద్దరి వాటా ఇంచుమించు ఒకటే. ఇల్లెందు నుంచి కమ్యూనిస్టు నేత గుమ్మడి నర్సయ్య ఐదుసార్లు గెలిచారన్నా, 2009లో కూకట్‌పల్లిలో లోక్‌సత్తా నుంచి జయప్రకాశ్ నారాయణ ఒక్కరే గెలిచారన్నా కారణం ఇదే. రాష్ట్రంలో గాలి ఎటు వీస్తోందన్నది పక్కనపెట్టి, మీ నియోజకవర్గంలో ఆ పార్టీకి మనుషులున్నారా లేదా అన్నది చూడండి.

తర్వాత గత రెండు ఎన్నికల ఫలితాలు తీసి మెజారిటీ ఎంతో చూడండి. 30 వేలు, 40 వేల మెజారిటీతో ఒకే పార్టీ గెలుస్తూ వస్తుంటే మీ ఒక్క ఓటుతో గెలుపోటములు మారవు. అక్కడ నచ్చినవాళ్లకు నిశ్చింతగా వేయొచ్చు. హోరాహోరీగా ఉన్నచోట మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్లతో. 2019లో విజయవాడ సెంట్రల్ ఫలితం తేలింది 25 ఓట్ల తేడాతో. అక్కడ మూడో స్థానంలో ఉన్న సీపీఎం అభ్యర్థికి వేలల్లో ఓట్లు పడ్డాయి. ఆ వేల మందిలో ఒక ముప్పై మంది, 'ఫలానావాళ్లు మాత్రం రాకుండా ఉంటే చాలు' అనుకుని ఉంటే?

ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇద్దరు పెద్దవాళ్లలో ఎవరు గెలిచినా మీకు నిజంగా తేడా లేకపోతేనే మూడో ఓటు వేయండి. ఒకరంటే విసుగు, ఇంకొకరంటే భయం అయితే మీకు తేడా ఉన్నట్టే. అప్పుడు 'ఓటు చీల్చొద్దు' అని పార్టీలవాళ్లు చేసే హడావుడిని పట్టించుకోవాల్సిన పని లేదు గానీ, మీ సొంత భయాన్ని మాత్రం లెక్కలో వేసుకోవాలి.

4. చిన్న పార్టీ అయినంత మాత్రాన మంచి పార్టీ అనుకోవద్దు

పెద్ద పార్టీలో టికెట్ దొరకనివాళ్లు రాత్రికి రాత్రే చిన్న పార్టీ అభ్యర్థులైపోతారు. ఓట్లు చీల్చడానికి ఎవరో డబ్బిచ్చి నిలబెట్టినవాళ్లు ఉంటారు, ప్రత్యర్థి పేరుతోనే ఇంకొకరిని వెతికి తెచ్చి నామినేషన్ వేయించడమూ ఉంటుంది. కొన్ని పార్టీలు కాగితం మీదే బతుకుతాయి. ఆరేళ్లుగా ఎక్కడా పోటీచేయని 334 పార్టీలను ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో జాబితా నుంచి తీసేసింది.

కాబట్టి ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ చదవండి. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, ఐదేళ్ల ఆదాయ వివరాలు అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆస్తుల కంటే ముందు కేసుల పేజీ చూడండి. ధర్నాలో కూర్చున్నందుకు పెట్టిన కేసూ, భూకబ్జా కేసూ ఒకటి కాదు. సెక్షన్లు చూస్తే తేడా తెలిసిపోతుంది.

దాని తర్వాత అభ్యర్థికే ఫోన్ చేయండి, లేదా వెళ్లి కలవండి. చిన్న పార్టీలతో ఉన్న సుఖం ఇదే, అభ్యర్థి దొరుకుతారు. గెలిస్తే పార్టీ మారతారా అని మొహమాటం లేకుండా అడగండి. ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయినప్పుడు దానికి ఓటేసినవాళ్లను ఎవరూ అడగలేదు. ఓడిపోతే వచ్చే ఏడాది ఏం చేస్తారని కూడా అడగండి. దీనికి జవాబు లేని అభ్యర్థి ఫలితాల మర్నాడు మళ్లీ కనిపించరు.

5. నోటాతో పొరబడకండి

సుప్రీంకోర్టు తీర్పుతో 2013లో వచ్చిన నోటా బటన్ ఈవీఎంలో అందరికంటే కింద ఉంటుంది. దానికి ఎన్ని ఓట్లు పడినా అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుస్తారు. 2024లో ఇందౌర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకున్నాక నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి. అయినా గెలుపు మీద ఈగ వాలలేదు. పైగా డిపాజిట్ లెక్కలో కూడా నోటా రాదు. అభ్యర్థులంతా నిజంగా పనికిరానివాళ్లయితే నొక్కండి, తప్పేం లేదు. కానీ వాళ్లలో ఒక్కరైనా ఫరవాలేదనిపిస్తే ఆ ఓటు ఆ ఒక్కరికి ఇవ్వడమే మేలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే ఆ మనిషికి డిపాజిట్ వెనక్కి వస్తుంది. అసెంబ్లీకి 10 వేలు, లోక్‌సభకు 25 వేలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. అప్పు చేసి నామినేషన్ వేసినవాళ్లకు అది చిన్న మొత్తం కాదు. దాటకపోయినా నలుగురి దృష్టిలో పడతారు. 2023లో కొల్లాపూర్‌లో ఇండిపెండెంట్‌గా నిలబడిన శిరీషకు, అదే బర్రెలక్కకు, 5,754 ఓట్లు వచ్చాయి. నిరుద్యోగుల మాట ఆ నెలంతా టీవీల్లో నడిచింది.

6. బూత్‌లో జాగ్రత్తగా ఉండండి

ఈవీఎం మీద ముందు గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు, తర్వాత నమోదై గుర్తింపు లేని పార్టీలవాళ్లు, చివర ఇండిపెండెంట్లు ఉంటారు. ఒక యూనిట్‌లో పట్టేది 16 పేర్లే కాబట్టి మీ అభ్యర్థి రెండో యూనిట్‌లో ఉండే అవకాశం ఎక్కువ. వరస నంబరు, గుర్తు, ఫొటో మూడూ ముందే గుర్తుపెట్టుకుని వెళ్లండి. ఒక్క గుర్తును నమ్ముకుంటే ఇబ్బందే. 2020 దుబ్బాక ఉప ఎన్నిక 1,079 ఓట్ల తేడాతో తేలితే, కారు గుర్తులా కనిపించిన చపాతీ రోలర్ గుర్తుకు మూడున్నర వేల ఓట్లు పడ్డాయని ఓడినవాళ్లు లబోదిబోమన్నారు.

బటన్ నొక్కాక వీవీప్యాట్ అద్దం వెనక చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది, చూసుకోండి. మీ ఓటు అప్పటికే ఎవరో వేసేసి ఉంటే గొడవపడి వెళ్లిపోకండి, టెండర్ ఓటు అడగండి. గుర్తింపు రుజువైతే బ్యాలెట్ కాగితం ఇస్తారు.

ఇక ముందురోజు రాత్రి ఇంటికొచ్చే కవర్ల సంగతి. ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే. ఇంట్లో పెద్దవాళ్లు తీసేసుకుని, పసుపు మీదో దేవుడి పటం మీదో ఒట్టేశామని టెన్షన్ పడుతుంటే ఒక్క మాట చెప్పండి: ఎవరు ఎవరికి వేశారో కనిపెట్టే దారి ఆ నాయకుడి దగ్గర లేదు. కవర్లు పంచుతుంటే సీ-విజిల్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు చేయొచ్చు.

7. మూడో ఓటు నిజంగా చెల్లే ఎన్నికలను వదలకండి

పట్టభద్రుల, ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలను చాలామంది పట్టించుకోరు. చిన్నవాళ్లకు మొగ్గేవాళ్లు అసలు వదలకూడనివి అవే. అక్కడ ఒక్కరికే వేసి ఊరుకోనక్కర్లేదు, 1, 2, 3 అని ప్రాధాన్యం ఇవ్వొచ్చు. మీ మొదటి ప్రాధాన్యం పొందిన అభ్యర్థి వెనకబడి లెక్క నుంచి తప్పుకుంటే మీ ఓటు రెండో అభ్యర్థికి వెళ్తుంది. అంటే ఓటు చీలుతుందన్న భయమే లేదు. చుక్కా రామయ్య, ప్రొఫెసర్ కె.నాగేశ్వర్ మండలికి వెళ్లింది ఈ దారిలోనే. కృష్ణా-గుంటూరు పట్టభద్రుల స్థానంలో వామపక్షాల మద్దతున్న పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున కె.ఎస్.లక్ష్మణరావు 2019లో గెలిచి, 2025లో ఓడిపోయారు.

దీనికి మామూలు ఓటరు జాబితా పనికిరాదు. డిగ్రీ అయి మూడేళ్లు నిండినవాళ్లు ఫారం 18తో, ఉపాధ్యాయులు ఫారం 19తో, ప్రతిసారీ కొత్తగా నమోదు చేసుకోవాలి. బ్యాలెట్ మీద అధికారులు ఇచ్చిన పెన్నే వాడాలి, అంకెలే వేయాలి. టిక్కులు, సంతకాలు, 'ఒకటి' అని అక్షరాల్లో రాయడం లాంటివి చేస్తే చెల్లదు. 1 అంకె లేకపోయినా చెల్లదు. డిగ్రీలున్నవాళ్ల ఓట్లే వేలల్లో చెల్లకుండా పోవడం ఈ ఎన్నికల్లో మామూలే.

సర్పంచ్, పంచాయతీ వార్డు ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. వార్డులో వంద ఓట్లు తెచ్చుకోగలిగిన మనిషి అక్కడ గెలుస్తాడు. అసెంబ్లీకి పనికొచ్చే మూడో మనిషిని వెతకాలంటే ముందు అక్కడ వెతకండి.

8. ఓటు వేశాక

చిన్న పార్టీలకు అన్నిటికంటే కరువు పోలింగ్ ఏజెంట్లు. వీలైతే ఒక రోజు సెలవు పెట్టి మీ బూత్‌లో ఏజెంట్‌గా కూర్చోండి. పోలింగ్ ముగిశాక ఫారం 17సీ కాపీ తీసుకోవడం మర్చిపోవద్దు, మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో అందులో ఉంటుంది. చందా ఇవ్వాలనుకుంటే బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకోండి. పన్ను మినహాయింపు ఇప్పిస్తాం, కమిషన్ పోను మిగతా డబ్బు తిరిగిచ్చేస్తాం అనే పార్టీ కనిపిస్తే దూరంగా ఉండండి.

ఫలితాల తర్వాత రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఫారం 20 పెడతారు. అందులో బూత్‌లవారీగా ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో ఉంటుంది. మీ బూత్ నంబరు వరసలో మీ అభ్యర్థి అంకె చూడండి. అది 1 కాకుండా 14 అయితే, మీలా ఆలోచించినవాళ్లు మీ చుట్టుపక్కలే ఇంకో 13 మంది ఉన్నారన్నమాట. వాళ్లెవరో కనుక్కునే పని వార్డు ఎన్నికలు వచ్చేలోపే మొదలుపెట్టండి.