అమెరికాలో గ్రిల్ సిలిండర్‌ను ఎక్కడ, ఎలా నింపించుకోవాలి

హైదరాబాదులోనో విజయవాడలోనో వంటింట్లో గ్యాస్ అయిపోతే ఫోన్లో బుక్ చేస్తాం. ఒకటి రెండు రోజుల్లో ఆటోలో నిండు బండ వస్తుంది, ఖాళీ బండ వెళ్ళిపోతుంది. ఆ బండను ఎక్కడ నింపుతారో, ఎవరు నింపుతారో మనం ఏనాడూ ఆలోచించి ఉండం. అమెరికాలో ఇల్లు కొనుక్కుని పెరట్లో గ్యాస్‌తో కాల్చి వండే గ్రిల్ పొయ్యి పెట్టుకున్న తెలుగువారికి మాత్రం ఆ ప్రశ్న మొదటి వేసవిలోనే ఎదురవుతుంది. ఇక్కడ గ్రిల్ సిలిండర్‌కు కనెక్షన్ పుస్తకం ఉండదు, సాధారణంగా ఇంటికి తెచ్చే మనిషీ ఉండడు. సిలిండర్ మన సొంతం కనుక దాన్ని మోసుకెళ్ళడం, దాని గడువు చూసుకోవడం మన పనే.

కొత్తగా వచ్చినవారిలో చాలామందికి తెలిసిన దారి ఒక్కటే. వాల్‌మార్ట్, హోమ్ డిపో, లోస్ వంటి దుకాణాల గుమ్మం పక్కన తాళం వేసిన ఇనుప జాలీ బోను ఉంటుంది. ఖాళీది ఇచ్చి, డబ్బు కట్టి, ఆ బోనులోంచి నిండుది తెచ్చుకుంటారు. బ్లూ రైనో, అమెరిగ్యాస్ వంటి సంస్థల సిలిండర్లు అక్కడ ఉంటాయి. దీన్ని ఎక్స్ఛేంజ్ అంటారు. రెండో దారి రీఫిల్, అంటే మన సిలిండర్‌నే తీసుకెళ్ళి పెద్ద ట్యాంకు నుంచి మన కళ్ళముందే నింపించుకోవడం. నెలకు రెండుమూడు సార్లు గ్రిల్ వెలిగించేవారికి, పెరట్లో పెద్ద బర్నర్ మీద యాభైమందికి దమ్ బిర్యానీ వండేవారికి రీఫిల్ దారే మంచిదని నా అభిప్రాయం. అయితే నింపే చోటు వెతకడానికి ముందు, మీ సిలిండర్‌ను అసలు ఎవరైనా నింపుతారా అన్నది తేల్చుకోవాలి.

ఆ సమాధానం సిలిండర్ మీదే ఉంటుంది. వాల్వ్ చుట్టూ రక్షణగా, చేతితో పట్టుకోవడానికి వీలుగా ఉండే ఇనుప కాలర్‌ను దీపం వెలుగులో దగ్గరగా చూడండి. దాని మీద సుత్తితో కొట్టినట్టు అక్షరాలు, అంకెలు దిగి ఉంటాయి. రంగు మీద రంగు వేయడంతో అవి పూడిపోయి ఉంటే వేలితో తడిమి చదవవలసి వస్తుంది. డబ్ల్యూసీ పక్కన 47.6 అని ఉంటే, సిలిండర్ నిండా నీళ్ళు పోస్తే 47.6 పౌండ్లు పడతాయని అర్థం. పట్టే గ్యాస్ బరువును బట్టి మనం ఇరవై పౌండ్ల సిలిండర్ అని పిలిచేది దీన్నే. టీడబ్ల్యూ పక్కన ఉండే అంకె, సాధారణంగా 17కు అటూ ఇటూ, ఖాళీ సిలిండర్ బరువు. ఇక నెల, సంవత్సరం చూపే అంకెలు తయారీ తేదీ. ఉదాహరణకు 06-13 అని ఉంటే అది 2013 జూన్‌లో తయారైంది. తయారైన నాటి నుంచి పన్నెండేళ్ళ దాకా దాన్ని నింపవచ్చు. ఆ తరువాత అర్హత ఉన్న పరీక్షకుడు తుప్పు, సొట్టలు, వాల్వ్ స్థితి చూసి ముద్రో స్టిక్కరో వేస్తేనే మళ్ళీ నింపుతారు. ఆ కొత్త తేదీ పక్కన ఈ (E) అనే ఆంగ్ల అక్షరం ఉంటే, కంటితో పరీక్షించి మరో ఐదేళ్ళకు అనుమతించారని అర్థం.

ఈ సంగతి నేను చేదుగా నేర్చుకున్నాను. ఒక శనివారం మధ్యాహ్నం ఇంటికి బంధువులు రాబోతుండగా, పాత ఇంటివారు వదిలి వెళ్ళిన సిలిండర్‌ను వేసుకుని పాతిక మైళ్ళు వెళ్ళాను. నింపే కుర్రవాడు గొట్టాన్ని ముట్టుకోనే లేదు. వంగి కాలర్ చదివి, "దీనికి గడువు దాటి రెండేళ్ళయింది సార్" అని తిప్పి పంపేశాడు. అప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజమే. ఇప్పుడైతే, కాలర్ చదవకుండా నింపేవాడి దగ్గర నింపించుకోవద్దని నేనే చెబుతాను.

గడువు దాటిన సిలిండర్‌ను ఏం చేయాలి? ఎక్స్ఛేంజ్ బోను నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. మరీ దెబ్బతినకపోతే పాత సిలిండర్‌ను వారు సాధారణంగా తీసుకుంటారు, మళ్ళీ పరీక్ష చేయించుకునే బాధ్యత వారిదే అవుతుంది. మీరు బదులుగా తీసుకునేదాన్ని మాత్రం గుడ్డిగా తీసుకోకండి. బోను తెరిచిన మనిషిని ఒక్క నిమిషం ఆగమని చెప్పి, ఉన్నవాటిలో కొత్త తేదీ ఉన్నదాన్ని ఎంచుకోండి. ఆ ఒక్కసారికి ఎక్స్ఛేంజ్ ధర కట్టి, అక్కడి నుంచి గడువు ఉన్నన్నాళ్ళూ రీఫిల్ చేయించుకోవచ్చు.

కాలర్ తరువాత చూడవలసింది వాల్వ్ పిడి. అది మూడు మూలలుగా ఉండి, దాని మీద ఓపీడీ అనే ఆంగ్ల అక్షరాలు ఉండాలి. సిలిండర్ మోతాదు మించి నిండకుండా లోపల తేలే బుడగ లాంటి అమరిక ఉందని దాని అర్థం. 1998 సెప్టెంబరు 30 తరువాత తయారైన ఈ పరిమాణపు సిలిండర్లన్నిటికీ ఆ అమరిక తప్పనిసరి. అది లేని పాతవాటిని నింపడం 2002 ఏప్రిల్ 1 నుంచి నిషిద్ధం. గుండ్రని లేదా పువ్వు ఆకారపు పిడి ఉన్న సిలిండర్ గ్యారేజీ అమ్మకంలో చవకగా దొరికినా తెచ్చుకోకండి.

నింపే చోట్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి, కానీ వాటిలో చాలావాటిని మనం వేరే పనులకు సంబంధించినవిగా చూస్తాం. ఇల్లు మారేటప్పుడు ట్రక్కు అద్దెకిచ్చే యూ-హాల్ కేంద్రాలు చాలా చోట్ల ప్రొపేన్, అంటే గ్రిల్ సిలిండర్‌లో ఉండే గ్యాస్, నింపుతాయి. ట్రాక్టర్ సప్లై దుకాణాలు, ఏస్ హార్డ్‌వేర్ దుకాణాలలో కొన్ని, కాస్ట్‌కో శాఖలలో కొన్ని కూడా ఆ పని చేస్తాయి. చక్రాల మీద ఇల్లు పెట్టుకుని తిరిగేవారు దిగే ఆర్‌వీ పార్కులు, క్యాంపు మైదానాలు మరో మంచి మార్గం. ఇళ్ళకు హీటింగ్ కోసం ప్రొపేన్ సరఫరా చేసే స్థానిక డీలర్ల డిపోలలో చాలామటుకు గ్రిల్ సిలిండర్లు కూడా నింపుతారు. వారికి రోజూ ఇదే పని కనుక పాత సిలిండర్‌ను పరీక్షించి ముద్ర వేసే సౌకర్యం కూడా ఉండే అవకాశం ఎక్కువ. దారిలో వెళ్ళేటప్పుడు గుర్తు పట్టవలసినది ఒకటే: కంచె లోపల అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉండే పొడవైన తెల్లని ట్యాంకు.

మ్యాప్‌లో ప్రొపేన్ రీఫిల్ అని వెతికితే ఎక్స్ఛేంజ్ బోనులు కూడా అదే జాబితాలో కలిసిపోయి వస్తాయి. అందువల్ల బయలుదేరే ముందు ఫోన్ చేయడం మేలు. మా సిలిండర్‌నే నింపుతారా లేక మార్చి ఇస్తారా అన్నది మొదటి ప్రశ్న. నింపడానికి శిక్షణ పొందిన మనిషి ఇప్పుడు పనిలో ఉన్నాడా అన్నది రెండవది. దుకాణం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉన్నా, ఆ మనిషి సాయంత్రం ఐదుకే వెళ్ళిపోయి ఉండవచ్చు. ధర గాలన్ల లెక్కనా, సిలిండర్‌కు ఇంతని గుండుగుత్తగానా అన్నది మూడవది. జూలై 4, మెమోరియల్ డే, లేబర్ డే సెలవుల వారాంతాలలో వరుసలు పెరుగుతాయి. కార్తిక వనభోజనాలకు సంఘం తరఫున నాలుగైదు సిలిండర్లు నింపించవలసిన బాధ్యత మీ మీద పడితే, ఆ పనిని ముందటి వారమే ముగించండి.

ధర లెక్క చూద్దాం. ద్రవ ప్రొపేన్ గాలన్ సుమారు 4.2 పౌండ్లు తూగుతుంది. కనుక ఇరవై పౌండ్ల సిలిండర్‌లో దాదాపు 4.7 గాలన్లు పడతాయి. ఎక్స్ఛేంజ్ సిలిండర్‌లో మాత్రం తరచుగా 15 పౌండ్లే ఉంటుంది, చుట్టూ అంటించిన కాగితం మీద చిన్న అక్షరాలలో ఆ సంగతి రాసే ఉంటుంది. గాలన్ నాలుగు డాలర్లని, ఎక్స్ఛేంజ్ పాతిక డాలర్లని అనుకుంటే, రీఫిల్‌లో 20 పౌండ్లకు 19 డాలర్ల లోపే అవుతుంది, బోను దగ్గర 15 పౌండ్లకు పాతిక అవుతుంది. పైగా ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చినప్పుడు అడుగున మిగిలిన గ్యాస్‌ను కూడా వారికే ఇచ్చేసినట్టు. గాలన్ల లెక్కన నింపేచోట సగం ఖాళీ అయిన సిలిండర్‌ను తీసుకెళ్ళినా నష్టం లేదు. గుండుగుత్త ధర ఉన్నచోటికి మాత్రం పూర్తిగా అయిపోయాకే వెళ్ళండి.

నింపేటప్పుడు కాస్త దూరంగా నిలబడి చూడండి, అది చూడదగిన పని. నింపే మనిషి చేతికి తొడుగులు వేసుకుని, గొట్టం బిగించి, వాల్వ్ పక్కనున్న చిన్న మరను స్క్రూడ్రైవర్‌తో ఒకటి రెండు చుట్లు వదులు చేస్తాడు. మొదట అక్కడి నుంచి కంటికి కనిపించని గ్యాస్ సన్నగా బుస్సుమంటుంది. కాసేపటికి ఆ బుస్సు మారి, చలికాలం ఉదయాన నోటి నుంచి వచ్చే ఆవిరిలా తెల్లని తుంపర చిమ్ముతుంది. ద్రవం ఎనభై శాతం ఎత్తుకు చేరిందనడానికి అదే గుర్తు, అతను వెంటనే ఆపేస్తాడు. మిగిలిన ఇరవై శాతం ఖాళీ మోసం కాదు. ఎండకు ద్రవం వ్యాకోచించడానికి ఆ చోటు కావాలి. మరికొంత పోయమని ఎవరినీ బతిమాలకండి.

కొత్తగా కొన్న ఖాళీ సిలిండర్‌లో గాలి ఉంటుంది. మొదటిసారి నింపే ముందు దాన్ని కొద్దిపాటి ప్రొపేన్ ఆవిరితో వెళ్ళగొట్టాలి. ఇది కొత్తదని ముందే చెప్పండి. లోపలికి అలా గాలి చేరకుండా, గ్యాస్ అయిపోయిన సిలిండర్ వాల్వ్‌ను కూడా మూసే ఉంచాలి.

తీసుకెళ్ళేటప్పుడు సిలిండర్ నిటారుగా ఉండాలి. పడుకోబెడితే ఒత్తిడి తగ్గించే రక్షణ వాల్వ్ దగ్గరికి ఆవిరికి బదులు ద్రవం చేరుతుంది. పాల సీసాలు మోసే ప్లాస్టిక్ పెట్టెలో అది చక్కగా కుదురుకుంటుంది. ఆ పెట్టెను కదలకుండా కట్టి, వాల్వ్ గట్టిగా మూసి, మూతికి ప్లగ్ పెట్టి, కారు అద్దాలు కొంచెం దించండి. నింపించుకున్నాక దారిలో కిరాణాకు దిగి, ఎండలో కారులో దాన్ని వదిలి వెళ్ళకండి. మేరీలాండ్‌లో ఉండేవారికి ఒక ప్రత్యేక సంగతి: బాల్టిమోర్ హార్బర్, ఫోర్ట్ మెక్‌హెన్రీ సొరంగాల గుండా పది పౌండ్లకు మించిన ప్రొపేన్ సిలిండర్‌ను తీసుకెళ్ళకూడదు, చుట్టు దారిన పోవలసిందే. ఇంటికి చేరాక దాని స్థానం ఆరుబయటే. గ్యారేజీలోనూ బేస్‌మెంట్‌లోనూ పెట్టకూడదు. ప్రొపేన్ ఆవిరి గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు కనుక కారితే పైకి పోదు, నేల మీదే పేరుకుంటుంది.

అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఉండేవారు ఇంత దూరం రాకముందే లీజు కాగితం చదవాలి. చాలా నగరాలు పాటించే అగ్నిమాపక నియమావళి ప్రకారం, మంట రేగితే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు లేని భవనంలో చెక్క బాల్కనీ మీద ఇరవై పౌండ్ల సిలిండర్‌తో గ్రిల్ వాడకూడదు, ఒక పౌండు చిన్న సీసాతో నడిచేవాటికే అనుమతి ఉంటుంది.

గ్యాస్ ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి మన ఇళ్ళలో ఒక మంచి పనిముట్టు ముందే ఉంటుంది: ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే చేతి త్రాసు. దానికి సిలిండర్‌ను తగిలించి ఎత్తి, వచ్చిన బరువులోంచి టీడబ్ల్యూ అంకెను తీసేయండి. 26 పౌండ్లు తూగి, ఖాళీ బరువు 17 అయితే, తొమ్మిది పౌండ్ల గ్యాస్ ఉన్నట్టు. పౌండు ప్రొపేన్ సుమారు 21,500 బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడినిస్తుంది కనుక, గంటకు 30,000 బీటీయూలు కాల్చే గ్రిల్ అన్ని బర్నర్లూ పూర్తిగా తెరిచినా ఆ తొమ్మిది పౌండ్లతో ఆరు గంటలకు పైగా నడుస్తుంది.

సిలిండర్‌ను గ్రిల్‌కు బిగించేటప్పుడు మన ఊరి రెగ్యులేటర్‌లా టక్కున నొక్కితే కూర్చోదు. ప్లాస్టిక్ నట్టును కుడివైపుకు చేతితోనే బిగించాలి, పానా వాడకూడదు. గ్రిల్ మీటలన్నీ మూసి, సిలిండర్ వాల్వ్ తెరిచి, గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీటిని అతుకుల మీద పూయండి. బుడగలు పెరుగుతుంటే గ్యాస్ కారుతున్నట్టే. అప్పుడు వాల్వ్ మూసి మళ్ళీ బిగించాలి, అయినా ఆగకపోతే వాడకూడదు. వాల్వ్‌ను ఎప్పుడూ నెమ్మదిగా తెరవాలి. ఒక్కసారిగా తిప్పితే గొట్టం తెగిందేమోనని రక్షణ అమరిక గ్యాస్‌ను బిగబట్టి, మంట మిణుకుమిణుకుమంటుంది. సిలిండర్ సగమే నింపారని చాలామంది నింపినవాడిని తిట్టుకునేది ఇక్కడే. అలా జరిగితే గ్రిల్ మీటలు, సిలిండర్ వాల్వ్ మూసి, నట్టు విప్పి, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ బిగించండి. తరువాత గ్రిల్ మూత పూర్తిగా పైకెత్తి, వాల్వ్‌ను మెల్లగా తెరిచి, ఒక్క బర్నర్‌ను మాత్రమే ముందు వెలిగించండి.