స్మాష్ టాకో కుదరడం లేదా? ముందు పెనం చూడండి, తర్వాత కీమాలో నీళ్ళు చూడండి

ఎలా చేయాలో మొదటి నుంచి చెప్పడం లేదు. టోర్టియా (చపాతీ లాంటి మెక్సికన్ రొట్టె) మీద పచ్చి కీమాను పల్చగా ఒత్తి, మాంసం వైపు కిందికి ఉండేలా వేడి పెనం మీద వేస్తాం. ఎర్రగా కాలాక తిప్పి చీజ్ పెట్టి, పైన లెట్యూస్, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, పికిల్స్, సాస్ వేసి మడుస్తాం. (పికిల్స్ అంటే ఆవకాయ కాదు, వెనిగర్‌లో ఊరిన కీరా ముక్కలు. ఒకాయన నిజంగానే ఆవకాయ వేశాడు. బాగానే ఉందట.) మెక్‌డొనాల్డ్స్ బిగ్ మ్యాక్ బర్గర్ రుచి ఇంట్లోనే పావుగంటలో వస్తుందని 2023లో అమెరికాలో దీని వీడియోలు తెగ తిరిగాయి. డాలస్‌లో మా ఇంట్లో అప్పటి నుంచి శుక్రవారం రాత్రి వంట ఇదే. అందుకే కుదరనివాళ్ళు నాకు ఫోటోలు పంపిస్తుంటారు.

మాంసం ఎర్రబడలేదు, బూడిద రంగులో ఉడికిపోయింది

వచ్చే ఫోటోల్లో ఎక్కువ ఇవే. నేను అడిగే మొదటి ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే: పెనం కాలిందా? "కాలింది" అంటారు. ఎలా తెలిసింది అంటే జవాబు ఉండదు.

దోసె పోసే ముందు పెనం మీద నాలుగు నీటి చుక్కలు చల్లి చూడటం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అదే చేయి టాకో అనగానే ఆ సంగతి మర్చిపోతుంది. నూనె వేయకముందే చల్లి చూడండి. చుక్క నింపాదిగా బుడగలొస్తూ ఆవిరైతే ఇంకా కాలలేదు. పడీపడగానే చుర్రుమని మాయమవ్వాలి, నున్నటి స్టీలు పెనమైతే ముత్యాల్లా దొర్లాలి. దోసెకు పెనం మరీ కాలితే చల్లారుస్తాం, ఇక్కడ ఆ అవసరం లేదు, దోసె వేడి కంటే ఎక్కువే కావాలి.

ఇనప పెనానికి గ్యాస్ మీద ఐదు నిమిషాలు, అపార్ట్‌మెంట్లలో ఉండే గాజు పలక కరెంటు పొయ్యి మీద ఇంకా ఎక్కువే పడుతుంది. రెండు నిమిషాలకే వేసేస్తారు. లేదంటే వేడి బాగానే పెట్టి, పొగ రాగానే స్మోక్ అలారం మోగుతుందని భయపడి సెగ తగ్గిస్తారు. ఆ భయం నాకూ తెలుసు. చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి పైన ఉండే ఫ్యాన్ పొగను బయటికి పంపదు, తిప్పి మన మొహానే కొడుతుంది. కిటికీ తీసుకోండి, బెడ్‌రూమ్ తలుపులు వేసుకోండి. సెగ మాత్రం తగ్గించకండి.

నాన్‌స్టిక్ పెనంతో ఈ వంటకం వద్దు. దాని పూత 260 డిగ్రీల సెల్సియస్ (ఇక్కడ డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే) దాటితే పాడవడం మొదలవుతుంది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలేస్తే అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

పెనం సరిగ్గానే కాలింది, అయినా బూడిద రంగే

నన్ను నెలన్నర ఏడిపించింది ఇదే.

అప్పటిదాకా ప్రతి వారం చక్కగా వచ్చేవి. ఉన్నట్టుండి ఒక శుక్రవారం నుంచి చెడిపోవడం మొదలైంది. పెనం మీద వేయగానే చుర్రుమంటుంది, పది సెకన్లలో ఆ చప్పుడు కాస్తా బుడబుడగా మారిపోతుంది. అంచుల్లోంచి తెల్లటి నురుగు. తిప్పి చూస్తే ఉడకబెట్టిన మాంసం. ముందు పొయ్యిని అనుమానించాను. తర్వాత పెనాన్ని అనుమానించి ఇంకా బరువైనది కొన్నాను. ఆఖరికి వేడి కొలిచే గన్ కూడా కొన్నాను. పెనం 230 డిగ్రీలు చూపిస్తోంది, మాంసం మాత్రం ఉడుకుతూనే ఉంది. కీమా కొనే షాపు మార్చాను, టోర్టియా బ్రాండు మార్చాను. దండగ ఖర్చు తప్ప మార్పు లేదు.

ఒక్క విషయం నా కళ్ళ ముందే ఉన్నా పట్టించుకోలేదు. కీమా ఫ్రిజ్‌లో షాపు ప్యాకెట్‌లో ఉండటం మానేసి స్టీలు డబ్బాలో ఉంటోంది. అమ్మ ఊరి నుంచి వచ్చి అప్పటికి రెండు నెలలైంది. నేను తెచ్చి పెట్టిన కీమాను ఆవిడ మధ్యాహ్నమే జల్లెడలో వేసి, రెండు మూడు నీళ్ళు పోసి కడిగి, గట్టిగా పిండి, డబ్బాలో సర్దుతోంది. అడిగితే, "కడక్కుండా వండుకుంటార్రా ఎవరైనా?" అంది.

ఆ మాటకు మన ఇళ్ళల్లో ఎదురు లేదు. కూరకైతే నష్టమూ లేదు, ఎలాగూ ఉడికించేదే కాబట్టి నీళ్ళు ఇంకిపోయేదాకా ఉంచుతాం. ఇక్కడ మాత్రం ఆ నీళ్ళే కొంప ముంచుతాయి. మాంసం ఎర్రబడి కరకరలాడే పొర కట్టాలంటే దాని పైభాగం దాదాపు 140 డిగ్రీలు దాటాలి. పైన తడి ఉన్నంతసేపు అది 100 దగ్గరే ఆగిపోతుంది, పెనం ఎంత వేడిగా ఉన్నా సరే. ఒక గ్రాము నీటిని సున్నా డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 100 క్యాలరీల వేడి చాలు. మరిగిన ఆ గ్రామును ఆవిరి చేయడానికి మాత్రం ఇంకో 540 కావాలి. అంటే పెనం దాచుకున్న వేడంతా నీళ్ళను తరమడానికే సరిపోతుంది, మాంసం దాకా రాదు. అది అయ్యేలోపు పల్చటి కీమా లోపలి దాకా ఉడికిపోయి గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎర్రబడేదాకా ఉంచితే నమలడానికి అట్టముక్కే.

చేత్తో ఎంత పిండినా చాలదు. ముక్కను కడిగితే నీళ్ళు పైనే ఉంటాయి, తుడిస్తే పోతాయి. కీమా అలా కాదు, ప్రతి చిన్న పలుకు చుట్టూ తడి ఉంటుంది. పైగా కడిగినప్పుడు కొవ్వు కూడా కొంత కొట్టుకుపోతుంది. మాంసానికీ పెనానికీ మధ్య ఖాళీల్లేకుండా వేడి అందించేది కరిగిన ఆ కొవ్వే.

మీ కీమా సంగతి తెలుసుకోవాలంటే నిమ్మకాయంత ఉండను టిష్యూ పేపర్ మధ్య పెట్టి పది సెకన్లు నొక్కండి. కాస్త చెమ్మ మరక పడితే ఫర్వాలేదు. కాగితం తడిసి ముద్దైతే కారణం దొరికినట్టే.

కడగడం ఒక్కటే కాదు, నీళ్ళు వచ్చే దార్లు ఇంకా ఉన్నాయి. ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించిన కీమా అడుగున ఎర్రటి నీళ్ళు దిగుతాయి, వాటితో సహా కలిపేస్తారు. అమెరికాలో కొన్ని చికెన్ ప్యాకెట్ల మీద ఉప్పు నీళ్ళు ఎక్కించినట్టు చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదివి కొనండి. అన్నిటికంటే మోసం చేసేది మన చెయ్యి. "చప్పగా ఉంటుందేమో" అని కీమాలో అల్లం వెల్లుల్లి ముద్ద, సన్నగా తరిగిన ఉల్లిపాయ, నిమ్మరసం, ఒకరైతే పెరుగు కూడా కలిపారు. ఇవన్నీ నీళ్ళే. కారం, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి లాంటి పొడి సరుకు ఏదైనా చల్లుకోండి. ఉల్లిపాయ పైన పచ్చిగా వేసుకోండి.

ఇప్పటికే కడిగేసి ఉంటే పల్చటి బట్టలో వేసి పిండి, పళ్ళెంలో టిష్యూల మీద పల్చగా పరిచి, మూత లేకుండా ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచండి. పూర్తిగా బాగుపడదు, చాలావరకు నయం. అంత ఓపిక లేకపోతే ఆ పూటకు కీమా కూర చేసుకోండి.

కడక్కపోతే ఎలా అని అమ్మలా మీకూ అనిపిస్తే: కడిగితే క్రిములు పోవు, సింకు చుట్టూ చిమ్ముతాయి. మాంసాన్ని కడగొద్దని అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేది అందుకే. వాటిని చంపేది వేడి. మేక, గొర్రె, బీఫ్ కీమాకు లోపల 71 డిగ్రీలు, చికెన్ కీమాకు 74 డిగ్రీలు రావాలి. ఇంత పల్చటి పొర మూడు నాలుగు నిమిషాల్లో అది సులువుగా దాటుతుంది. అమ్మకున్న అసలు బెంగ క్రిములు కాదు, కత్తితో కొట్టిన మేక కీమాలో వచ్చే ఎముక పలుకులు. అది న్యాయమైన బెంగే. ఎముక లేని ముక్క చూపించి, కాస్త కొవ్వు కలిపి, మెషీన్‌లో వేయమని అడగండి. మా ఇంట్లో రాజీ అలాగే కుదిరింది.

తిప్పబోతే టోర్టియా చేతికొచ్చింది, మాంసం పెనానికే ఉండిపోయింది

తొందరపడ్డారు. పొర కట్టాక మాంసం తనే పెనాన్ని వదులుతుంది. రెండున్నర నుంచి మూడు నిమిషాలు ముట్టుకోకండి. అంచు చుట్టూ ముదురు గోధుమ రంగు కనిపించాక, పల్చటి అంచున్న ఇనప అట్లకాడను పెనానికి ఆనించి ఒక్క తోపు తోయండి. లావాటి ప్లాస్టిక్ అట్లకాడ పొరను అక్కడే వదిలేసి వస్తుంది.

టోర్టియా బదులు పుల్కా వాడేవాళ్ళకు ఇదే కష్టం ఇంకో దారిలో వస్తుంది. పొంగిన పుల్కాకు రెండు పొరలుంటాయి, మాంసం పట్టుకున్న పొర ఊడి కిందే ఉంటుంది. పొంగకుండా నూనెతో కాల్చిన చపాతీ అయితే ఇబ్బంది లేదు.

మాంసం ముడుచుకుని మధ్యలో బిళ్ళలా మిగిలింది

అంచుదాకా ఒత్తలేదు. వేడికి మాంసం ఎలాగూ కుంచించుకుంటుంది, కాబట్టి టోర్టియా అంచుకు ఒక పిసరు బయటికే ఒత్తాలి. ఆరంగుళాల టోర్టియాకు 60 నుంచి 70 గ్రాములు చాలు. చికెన్ కీమా చేతికి జిగురుగా అంటుకుంటుంటే పైన బేకింగ్ కాగితం పెట్టి చపాతీ కర్రతో ఒత్తండి. పెనం మీద వేసిన మొదటి అర నిమిషంలో పైనుంచి ఒకసారి గట్టిగా అదమండి. ఆ తర్వాత అదిమితే కరిగిన కొవ్వు, రసం బయటికి పోవడం తప్ప లాభం లేదు.

రబ్బరులా సాగుతోంది

ఉప్పు ముందే వేసి పిసికారు. కబాబ్‌కు అదే కావాలి, ఉప్పు వల్ల మాంసంలోని ప్రోటీన్ కరిగి జిగురుగా పట్టుకుంటుంది కాబట్టి ఊచ నుంచి జారదు. ఇక్కడ కీమా పొడిపొడిగా విడివడాలి. అసలు కలపకండి. టోర్టియా మీద ఒత్తాక, పెనం మీద వేసే క్షణం ముందు పైన ఉప్పు చల్లండి.

ఎండిపోయి గొంతు పట్టుకుంటోంది

కొవ్వు చాలలేదు. అసలు ఇది నూటికి 20 పాళ్ళు కొవ్వున్న బీఫ్‌తో పుట్టిన వంట. మేక కీమా, చికెన్ బ్రెస్ట్ కీమా దాని ముందు బక్కవి. చికెన్ అయితే తొడ మాంసం కీమా తీసుకోండి, పెనం మీద టాకోకు ఒక చెంచా నూనె వేయండి.

మడిస్తే విరిగింది

మొక్కజొన్న టోర్టియా కొని ఉంటారు. మైదా టోర్టియా తెచ్చుకోండి. అదీ విరిగితే తిప్పాక మరీ ఎక్కువసేపు ఉంచారన్నమాట. మాంసం వైపు చీజ్ కరగడానికి నిమిషం లోపే చాలు.

చీజ్ కరగకపోతే విడివిడిగా చుట్టి అమ్మే ప్రాసెస్డ్ స్లైస్ వాడండి. పనీర్ ఎంతసేపు పెట్టినా కరగదు, అడగొద్దు. టోర్టియా పచ్చి పిండి వాసన వస్తే ఫ్రిజ్ వరుసలో దొరికే కాల్చని రకం కొన్నారేమో చూడండి, దాన్ని ముందు విడిగా కాల్చుకోవాలి. సోయా కీమాతో చేయొచ్చా అనేవాళ్ళకు: చేయొచ్చు, నానబెట్టిన నీళ్ళు పిండటంలోనే తెల్లారుతుంది.

తినేలోపే మెత్తబడిపోయాయి

లెట్యూస్ కడిగి తడితోనే వేశారు, లేదా చేసినవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి మూత పెట్టారు. చపాతీలు హాట్‌బాక్స్‌లో పెట్టే అలవాటు ఇది. వీటిని జాలీ మీద విడివిడిగా ఉంచండి, సాస్ తినేముందు వేయండి. మిగిలిపోతాయనిపిస్తే సాస్, లెట్యూస్ లేకుండా మాంసం, చీజ్ వరకు కాల్చినవి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మర్నాడు మైక్రోవేవ్‌లో కాకుండా మడిచిన టాకోను పొడి పెనం మీద చిన్న సెగన రెండు వైపులా రెండేసి నిమిషాలు వేడి చేస్తే మళ్ళీ కరకరలాడుతుంది.