ప్రింటర్ హెడ్ కడిగే ముందు జాగ్రత్తలు

ఎండాకాలంలో నల్గొండలో నెల రోజులు వాడకుండా వదిలేసిన ఇంక్‌జెట్ ప్రింటర్‌ను తెరిస్తే అక్షరాలు గీతలు గీతలుగా పడతాయి. హెడ్‌లో, అంటే సిరా చిమ్మే భాగంలో, వెంట్రుక కంటే సన్నని నాజిల్ రంధ్రాల్లో సిరా ఎండిపోవడమే కారణం.

ముందు ప్రింటర్‌లో ఉన్న క్లీనింగ్‌నే రెండు సార్లు నడిపి, నాజిల్ చెక్ కాగితం (ఏ రంధ్రాలు మూసుకుపోయాయో చూపే పరీక్ష ముద్రణ) తీసి చూడండి. అంతకు మించి నడపొద్దు, సిరా వృథా.

హెడ్ కాట్రిడ్జ్‌కే (సిరా డబ్బాకే) ఉందా, ప్రింటర్‌లో బిగించి ఉందా తెలుసుకోండి. బిగించి ఉంటే బలవంతంగా పీకొద్దు.

నీళ్ల విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను: బోరు నీళ్లు ముట్టుకోవద్దు. మన భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, లవణాలూ తక్కువేమీ కాదు. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె లోపల గోటితో గీకి చూడండి, తెల్లటి పొడి రాలుతుంది. అదే పొర నాజిల్‌లో పేరుకుంటే వదిలించడం చాలా కష్టం. సీలు తీయని డిస్టిల్డ్ వాటర్ సీసా కొనండి. ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది.

హెడ్ కడగడానికి కొందరు వాడే, అద్దాలు తుడిచే ద్రవంలో అమ్మోనియా ఉండవచ్చు. దాన్ని బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. కిటికీలు తెరవండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. గోళ్ల రంగు తీసే అసిటోన్ అసలే వద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది.

దూది నుంచి పోగులు రాలతాయి కాబట్టి హెడ్ తుడవడానికి కళ్లజోడు తుడిచే గుడ్డ వాడండి. సిరంజితో నాజిల్‌లోకి ఒత్తిడిగా నీళ్లు పంపొద్దు. రాగి రంగు కాంటాక్టులు (కరెంటు అందే లోహపు బిళ్లలు) పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి.