గుత్తి చూసి కొమ్మ కోయండి

విశాఖలో మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంటులో గేటు పక్కన గోరింట కంచె ఉంది. నెలకోసారి తోటమాలి వచ్చి పైన అంతా ఒకే ఎత్తుకి కోసిపోతాడు. నీటుగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ కంచెకి పూత ఎప్పుడూ రాదు. గోరింటకి పువ్వులు కూడా ఉంటాయా అని అడిగే పిల్లలున్నారు మా బ్లాకులో. గోరింట పూసేది కొమ్మ కొసన. కొసలు నెలనెలా ఎగిరిపోతుంటే పూత ఎక్కడ నిలబడుతుంది?

నేను ఒక డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబ్‌లో అటెండరుగా చేసి రిటైరయ్యాను. ప్రాక్టికల్ పరీక్షలంటే ముందురోజు స్పెసిమెన్లు కోసుకొచ్చే పని నాదే. కారింబ్, సైమ్, స్పైక్, పానికిల్ అంటే పువ్వులు గుత్తి కట్టే తీరులకి పేర్లు. కారింబ్‌కి తంగేడు, సైమ్‌కి గన్నేరు, స్పైక్‌కి ఏదో ఒకటి దొరికేది. పానికిల్‌కి మాత్రం ఎప్పుడూ మామిడి పూతే. పిల్లలు మార్కుల కోసం ఈ పేర్లు బట్టీ పట్టి మర్చిపోయేవారు. మొక్కలు పెంచేవాళ్ళకే ఇవి అసలు పనికొస్తాయి. గుత్తి కట్టుబడి తెలిస్తే, కత్తెర ఎక్కడ పెట్టాలో, ఏ నెలలో పెట్టాలో సగం తెలిసినట్టే.

పానికిల్‌ని తెలుగు మీడియం పుస్తకాల్లో సంయుక్త అనిశ్చిత పుష్పవిన్యాసం అంటారు. పేరు చూసి బెదిరిపోకండి. పూసిన గుత్తిని కాడతో సహా ఒకటి తెంపి న్యూస్‌పేపరు మీద పరవండి.

ముందుగా నడిమి కాడ చూడండి. కనకాంబరంలో పువ్వులు ఆ కాడకే అంటుకుని ఉంటాయి. రేల పువ్వుల్లో ఒక్కో పువ్వుకి ఒక్కో చిన్న కాడ ఉంటుంది, కానీ కొమ్మలు లేవు. ఈ రెండూ పానికిల్ కావు. మామిడి పూత తీసుకుంటే నడిమి కాడకి పక్క కొమ్మలు, వాటికి మళ్ళీ చిన్న రెమ్మలు, వాటి మీద పువ్వులు. వరి వెన్ను చేతిలో పట్టుకుని చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, అదీ ఇదే కట్టుబడి. అడుగు కొమ్మలు పొడుగు, పైకి పోయేకొద్దీ పొట్టి. అందుకే పానికిల్ చాలావరకు గోపురం ఆకారంలో కనిపిస్తుంది.

తర్వాత ఏ పువ్వు ముందు విచ్చిందో చూడండి. అడుగున పువ్వులు విచ్చి, కొసన ఇంకా మొగ్గలుంటే ఆ కాడ ఇంకా సాగుతోందన్నమాట. అనిశ్చిత అంటే అదే, పానికిల్ గుణం ఇదే. నూరువరహాలు చూడండి. అదీ కొమ్మలు కొమ్మలుగా ఉన్న గుత్తే, కానీ మూడు మొగ్గల్లో నడిమిది ముందు విచ్చుతుంది, గుత్తి పైభాగం బల్లపరుపుగా ఉంటుంది. అది సైమ్ జాతి, పానికిల్ కాదు. మామిడిలో కూడా చిట్టచివరి రెమ్మల మీద మూడేసి పువ్వుల్లో నడిమిదే ముందు విచ్చుతుందని, కాబట్టి దాన్ని థిర్స్ (నడిమి కాడ పానికిల్‌లా సాగుతూ, చివరి రెమ్మలు సైమ్‌లా ఉండే గుత్తి) అనాలని పట్టుబట్టే మేడం ఒకరు మా కాలేజీలో ఉండేవారు. ఆవిడ మాట నిజమే. కత్తెర పట్టేవాడికి మాత్రం దాంతో పనిలేదు.

అసలు చూడాల్సింది గుత్తి కింద ఉన్న రెమ్మ. గుత్తి నుంచి వేలితో కిందికి తడుముకుంటూ రండి. రెమ్మ పచ్చగా, మెత్తగా ఉంటే ఈ సీజన్‌లో పుట్టిన ఇగురు మీదే పూసింది. గట్టిపడి బెరడు కట్టి ఉంటే, ముందే పెరిగి ముదిరిన రెమ్మ మీద పూసింది. మొదటి రకాన్ని పూతకి ముందు కోయవచ్చు, కోస్తే ఇంకా మంచిది. రెండో రకాన్ని పూత, కాపు అయిన వెంటనే కోయాలి. ఆలస్యం చేస్తే రాబోయే పూతనే కోసేస్తారు.

క్రేప్ మర్టిల్ మొదటి రకం. గులాబీ, తెలుపు, వంగపండు రంగుల్లో, ముడతల రేకులతో పెద్ద పెద్ద పానికిల్స్ వేస్తుంది. మన దగ్గర డిసెంబరు ఆఖరు, జనవరిలో ఆకు పల్చబడినప్పుడు దీన్ని కోయండి. పెన్సిల్ కన్నా సన్నగా ఉన్న పుల్లలు, ఒకదానితో ఒకటి రాసుకునే కొమ్మలు, మొదట్లోంచి వచ్చే పిలకలు తీసేయండి. ఏటా ఒకే ఎత్తులో మొండెం నరికినట్టు నరకొద్దు. అక్కడ బుడిపెలు కట్టి, వాటిలోంచి సన్నటి పుల్లలు గుంపుగా లేచి, గుత్తి బరువుకి నేలకి వంగిపోతాయి.

పూత మొదలయ్యాక ఇంకో పని ఉంది. గుత్తిలో ముప్పాతిక వంతు రాలిపోయి అడుగున పచ్చి కాయలు కనిపించగానే కోసేయండి. గుత్తి మొదట్లో కాదు, ఇంకా రెండు మూడు కణుపులు కిందికి దిగి, బయటివైపు చూస్తున్న ఆకుకి కాస్త పైన కోయాలి. కాయ ముదిరితే మొక్క బలమంతా గింజలకే పోతుంది. ఇలా కోస్తే పక్క మొగ్గలు ఇగిర్చి, నెలన్నర రెండు నెలల్లో మళ్ళీ గుత్తులొస్తాయి. ఈ కోత సెప్టెంబరుతో ఆపేయండి. అక్టోబరు, నవంబరు మనకి తుఫాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. లేత రెమ్మ కొసన నీళ్ళు తాగిన పెద్ద గుత్తి ఉంటే, అంత గాలి అక్కర్లేదు, మామూలు ఈదురుగాలికే విరుగుతుంది.

గోరింటకి మన ఆడవాళ్ళే ప్రూనింగ్ చేస్తున్నారు. ఆషాఢంలో ఆకు కోసుకోవడం అంటే కొసలు తుంచడమే కదా. ఆ తర్వాత వచ్చిన ఇగురుని ముట్టుకోకుండా వదిలేస్తే చాలు, కొసన చిన్న చిన్న పువ్వుల పానికిల్ వస్తుంది. సాయంత్రం వాసన మెట్ల దాకా వస్తుంది. కంచె కావాలి, పువ్వులూ కావాలి అంటే రోడ్డు వైపు కోసుకుని, లోపలివైపు వదలండి.

మామిడి రెండో రకం. ఇంటి ముందు ఒక చెట్టున్నా చాలు, కరెంటు తీగలకి తగులుతోందని నవంబరులో కొమ్మలు కొట్టించేవాళ్ళు కనిపిస్తారు. జనవరిలో పూత రాలేదని బాధపడేదీ వాళ్ళే. పూత వచ్చేది ముదిరిన రెమ్మ కొస మొగ్గలోంచి. కాయ దిగగానే, జూన్, జూలైలో కొట్టించండి. కొత్త ఇగురు చలికాలానికి ముదురుతుంది. ఆ సీజన్‌లో ఎండిన పూత కాడలు కూడా అప్పుడే విరిచేయాలి. పువ్వు విచ్చి ఉన్నప్పుడు పురుగుమందు కొట్టొద్దు, ఈగలు, తేనెటీగలు రాకపోతే పిందె కట్టదు.

ఫోన్లో చలిదేశాల వీడియోలు చూసి మా పక్క ఫ్లాట్ ఆయన లైలాక్ మొక్క తెప్పిస్తానన్నాడు. వద్దన్నాను. దానివీ అందమైన పానికిల్సే, కానీ గట్టి చలికాలం లేనిదే అది సరిగ్గా పూయదు. ఆ వీడియోల్లో చెప్పే పద్ధతి మాత్రం తప్పు కాదు. లైలాక్ కిందటేడాది కొమ్మ మీద పూస్తుంది కాబట్టి వాళ్ళు పూత అయిన వెంటనే కోస్తారు, మన మామిడి లెక్కే. పానికిల్ హైడ్రేంజియా అనే పూలపొద కొత్త ఇగురు మీద పూస్తుంది కాబట్టి చలికాలం చివర కోస్తారు. పద్ధతి తీసుకోండి, వాళ్ళ నెలలు మాత్రం వదిలేయండి.

ఇక ఎరువు, ఎండ. యూరియా గుప్పిస్తే ఆకే వస్తుంది, గుత్తి రాదు. పశువుల ఎరువో వర్మీ కంపోస్టో చాలు. రోజుకి ఆరు గంటల ఎండ తగలని బాల్కనీలో క్రేప్ మర్టిల్ పెట్టడం దండగ. బీచ్ రోడ్డు వైపు బాల్కనీ అయితే ఉప్పుగాలికి ఆకు అంచులు, లేత మొగ్గలు మాడతాయి. గాలి గట్టిగా వీచిన మర్నాడు పొద్దున్నే ఆకులూ గుత్తులూ తడిసేలా మంచినీళ్ళు చల్లి, ఉప్పు కడిగేయండి.