దత్తత తెచ్చిన గాడిద మేత ముట్టకపోతే

కొత్త చోటు బెంగలే, రేపటికి సర్దుకుంటుందిలే అని వదిలేయకూడదు, ముఖ్యంగా గాడిద లావుగా ఉంటే. తిండి ఆగగానే ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలోకి చేరుతుంది. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అప్పుడు తీసిన రక్తాన్ని కాసేపు నిలబెడితే పైకి తేరే ద్రవం పాలలా మసకగా ఉంటుంది. పశువైద్యుణ్ణి ఆ రోజే పిలవాలి.

మా దగ్గర పనిచేసినవి: జోడీ గాడిదను పక్కనే ఉంచడం, పాత మేతే కొనసాగించి కొత్తది రెండు వారాల మీద కలపడం. నోరూ చూపించాలి. దవడ పళ్ల అంచులు పదునెక్కితే బుగ్గలు కోసుకుపోతాయి, సగం నమిలిన గడ్డి ఉండలుగా కింద పడుతుంది. గాడిద మామూలు ఒంటి వేడి సుమారు 37.1 డిగ్రీల సెల్సియస్, గుర్రం కంటే తక్కువ. గుర్రం లెక్కతో చూస్తే జ్వరం కనిపెట్టలేం. లావు తగ్గించడం తిండి కుదిరాకే, అదీ నెలల మీద.