డిప్లాయ్ అయిందంది, సైట్ మాత్రం తెరుచుకోలేదు: నా అనుభవం

వీఎస్ కోడ్ ఎడిటర్‌లోని అజ్యూర్ యాప్ సర్వీస్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో వెబ్ యాప్‌లు నడిపే సేవ) ఎక్స్‌టెన్షన్‌తో లైనక్స్ సర్వర్‌కి ఫ్లాస్క్ (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) యాప్ పంపితే డిప్లాయ్‌మెంట్ పూర్తయిందని వచ్చింది. బ్రౌజర్‌లో చూస్తే 'అప్లికేషన్ ఎర్రర్'. ఇలాంటప్పుడు కోడ్‌తో కుస్తీ పట్టొద్దు, ముందు లాగ్ చూడాలి. అజ్యూర్ ప్యానెల్‌లో యాప్ పేరు మీద రైట్ క్లిక్ చేసి 'స్టార్ట్ స్ట్రీమింగ్ లాగ్స్' నొక్కగానే అసలు సంగతి ఒక్క లైన్‌లో దొరికింది: 'నో మాడ్యూల్ నేమ్డ్ ఫ్లాస్క్'. అంటే సర్వర్‌లో ఫ్లాస్కే లేదు.

మొదటి డిప్లాయ్‌లో, బిల్డ్‌ని (యాప్‌కి కావాల్సిన ప్యాకేజీల ఇన్‌స్టాలేషన్) సర్వర్ మీద నడపాలా అని ఎక్స్‌టెన్షన్ అడుగుతుంది. తొందరలో 'నో' నొక్కితే ఫైళ్లు జిప్‌గా వెళ్తాయి, అంతే. ప్యాకేజీల జాబితా ఉన్న రిక్వైర్‌మెంట్స్ ఫైల్ అక్కడే పడి ఉంటుంది, వాటిని ఇన్‌స్టాల్ చేసే పిప్ నడవదు.

దీన్ని సరిచేయడానికి యాప్ కింద 'అప్లికేషన్ సెట్టింగ్స్' మీద రైట్ క్లిక్ చేసి, 'యాడ్ న్యూ సెట్టింగ్'లో ఈ పేరు ఇవ్వాలి: ఎస్‌సీఎం_డూ_బిల్డ్_డ్యూరింగ్_డిప్లాయ్‌మెంట్. అన్నీ క్యాపిటల్ అక్షరాలే. విలువ 'ట్రూ'. చాలామంది ఇక్కడ రీస్టార్ట్ చేసి ఎదురుచూస్తారు. అది చాలదు. బిల్డ్ జరిగేది డిప్లాయ్ సమయంలోనే కాబట్టి మళ్లీ డిప్లాయ్ చేయాల్సిందే. అవుట్‌పుట్ విండోలో పిప్ ఒక్కో ప్యాకేజీని దించుకోవడం కనిపిస్తే పని అయినట్టే.

ఎర్రర్ పోయి అజ్యూర్ సొంత స్వాగత పేజీ వస్తే గొడవ ఫైల్ పేరుతో. ఫ్లాస్క్ కోసం అజ్యూర్ యాప్.పీవై, అప్లికేషన్.పీవై లాంటి పేర్లనే వెతుకుతుంది. మీది మెయిన్.పీవై అయితే అజ్యూర్ పోర్టల్‌లో స్టార్టప్ కమాండ్‌గా (యాప్‌ని మొదలుపెట్టే ఆదేశం) 'గునికార్న్ --బైండ్=0.0.0.0 --టైమౌట్ 600 మెయిన్:యాప్' ఇవ్వండి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో.